ఆంగ్ల క్రియల భూత వర్తమాన రూపములు: ఒక చారిత్రక పరిశీలనము

మన పాఠశాలలలో ఆంగ్లము నేర్చిన ప్రతివారును ఒక పట్టికను కంఠస్థము చేసియే యుందురు. ఆ పట్టికయందు మూడు నిలువు గడు లుండును. ‘గో – వెంట్ – గాన్’, ‘డ్రైవ్ – డ్రోవ్ – డ్రివెన్’, ‘కట్ – కట్ – కట్’ అనునట్టి రూపములు అందు వరుసగా కనబడును. తక్కిన క్రియల కన్నింటికిని ఒక్క సూత్రము చాలును. ధాతువు చివర ‘ఎడ్’ అను ప్రత్యయమును చేర్చినచో భూతకాల రూప మేర్పడును. ఇట్లేర్పడు వానిని నియత క్రియలనియు, పట్టికలోని వానిని అనియత క్రియలనియు బోధించుట ఆచారము. మేము విద్యార్థులుగా నున్న కాలమున ‘డ్రైవ్’ అను ధాతువునకు ‘డ్రైవ్డ్’ అను రూపమేల రాదని ఒకనాడు అడిగితిమి. ‘అది అపవాదము, కంఠస్థము చేయుడు’ అను సమాధానముతో ఆ ప్రశ్న ముగిసినది.

ఆ సమాధానము వలన విద్యార్థి మనస్సున ఒక భావము నాటుకొనును. నియమము మొదటినుండియు నున్నదనియు, కొన్ని క్రియలు దాని నతిక్రమించి చెడినవనియు అతడు తలచును. చరిత్రను పరిశీలించినచో యథార్థము దాదాపుగా దీనికి విపరీతము. పట్టికలోని క్రియలలో పెక్కు అత్యంత ప్రాచీనమైన నియమమునకు మిగిలిన సాక్ష్యములు. ‘ఎడ్’ ప్రత్యయము తరువాత వచ్చి క్రమముగా స్థలమునాక్రమించినది. ఈ విషయమును నిరూపించుటయు, తెలుగు క్రియను బోధించు వారికి దీనివలన కలుగు ప్రయోజనమును సూచించుటయు ఈ వ్యాసమున మా యుద్దేశము. ఆంగ్లరూపములను ఉచ్చారణకు వీలైనంత దగ్గరగా తెలుగు లిపిలో వ్రాయుచున్నాము.

1. 1816వ సంవత్సరము

ఈ విచారణకు 1816వ సంవత్సరమును ప్రారంభస్థానముగా గ్రహించుట యుక్తము. ఆ యేట ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఫ్రాంజ్ బోప్ అను జర్మను పండితుని గ్రంథ మొకటి వెలువడినది. సంస్కృత క్రియారూపముల వ్యవస్థను గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ భాషల వ్యవస్థలతో పోల్చి చూపుట దాని విషయము. అదే సంవత్సరమున మద్రాసులో ఎ. డి. క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణము అచ్చయినది. దానికి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ వ్రాసిన ఉపోద్ఘాత భాగమున తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడాదులతో కూడి వేరొక కుటుంబమునకు చెందినదనియు ప్రతిపాదింపబడినది.

ఈ రెండు గ్రంథములకును పరస్పర సంబంధము లేదు. అయినను వాని పద్ధతులయం దొక సామ్యము కలదు. పదములు ఒక భాషనుండి వేరొక భాషకు సులభముగా వలసపోవును. ధాతువులును, వానికి చేరు ప్రత్యయములును అంత సులభముగా కదలవు. కావున భాషల చుట్టరికమును తేల్చుటకు బోప్ క్రియారూపములను ఆశ్రయించెను. ఎల్లిస్ ధాతువుల నాశ్రయించెను. సంస్కృతముతో తెలుగునకు జన్మసంబంధము లేదని ఇచట తేలగా, అదే సంస్కృతముతో ఆంగ్లమునకు జ్ఞాతిత్వము కలదని అచట తేలినది. మన పట్టికలోని ‘అపవాదముల’ రహస్యము ఆ జ్ఞాతిత్వమునందే యున్నది.

2. అచ్చు మార్పుచే కాలమును తెలుపు క్రియలు

జర్మానిక్ భాషల క్రియలను రెండు వర్గములుగా విభజించి వానికి ‘సబలములు’, ‘దుర్బలము’లని పేర్లు పెట్టినవాడు యాకోబ్ గ్రిమ్. ఆతని జర్మను వ్యాకరణపు మొదటి సంపుటము 1819లో వెలువడినది. బయటి ప్రత్యయముల సాయము లేక, తన ధాతువులోని అచ్చును మార్చుకొనియే భూతకాలమును తెలుపగల క్రియ సబలము. ప్రత్యయ మొకదానిని ఊతగా గొనునది దుర్బలము. ఈ పేర్లలో ప్రశంసా నిందలు కొంత తోచినను, విభాగము మాత్రము సహేతుకమైనది.

ప్రాచీనాంగ్లమున సబల క్రియకు నాలుగు ముఖ్యరూపములు కలవు. ‘తోలుట’ అను అర్థము గల క్రియను చూడుడు: ‘ద్రీవన్’ అనునది తుమర్థకము, ‘ద్రాఫ్’ అనునది భూతమున ఏకవచనము, ‘ద్రివోన్’ భూతమున బహువచనము, ‘ద్రివెన్’ భూత విశేషణము. ‘పాడుట’ అను అర్థము గల క్రియకు ‘సింగన్ – సంగ్ – సుంగోన్ – సుంగెన్’ అనునవి రూపములు. ఇట్టి క్రియలు మూడు వందలకు పైగా నుండెను. అవి ఏడు గణములుగా నేర్పడియుండెను. ధాతువు ఏ గణమునకు చెందినదో తెలిసినచో తక్కిన రూపములు చాల వరకు ఊహింపదగియుండెను. ఇది నియమమే గాని నియమభంగము కాదు.

ఈ అచ్చు మార్పు సంస్కృతము నెరిగిన వారికి కొత్తది కాదు. ‘విద్’ ధాతువునకు లిట్ ప్రత్యయములు చేరినపుడు ఏకవచనమున ‘వేద’ అనియు, బహువచనమున ‘విద్మ’ అనియు రూపము లేర్పడును. మొదటిదానియందు గుణము కలదు, రెండవదానియందు లేదు. వైదిక స్వరమును గమనించినచో ‘వేద’ యందు ఉదాత్తము ధాతువుమీదను, ‘విద్మ’ యందు ప్రత్యయముమీదను ఉండును. ప్రాచీనాంగ్లమున ఇదే ధాతువునకు ‘వాత్ – వితోన్’ అనునవి రూపములు. ‘ద్రాఫ్ – ద్రివోన్’ అను భేదము కూడ ఈ జాతిదే. లిట్టునందు మనకు పరిచితమైన అభ్యాసము కూడ గోథిక్ భాషయందలి కొన్ని క్రియలలో నిలిచినది. ‘పిలుచుట’ అను అర్థము గల ‘హైతన్’ అను క్రియకు ఆ భాషలో భూతరూపము ‘హెహైత్’. ‘బంధ్’ ధాతువునకు ‘బబంధ’ అని సంస్కృతమున వచ్చుట వంటిదే యిది. ఆ ‘బంధ్’ ధాతువే ఆంగ్లమున ‘బైండ్ – బౌండ్’ అని నేటికిని వాడబడుచున్నది.

ఉదాత్తస్థానము చేసిన పని మరియొకటి కలదు. ‘వాజ్’ అను ఏకవచనమునకు ‘వర్’ అను బహువచనమేల వచ్చినదని విద్యార్థులు అడుగుట కలదు. ప్రాచీనాంగ్లమున ఇవి ‘వాస్ – వేరోన్’ అను రూపములకు దగ్గరగా నుండెను. ‘నివాసము’, ‘వసతి’ అను మాటలలోని ‘వస్’ ధాతువే వీనికి మూలము. సంస్కృతమున దీనికి లిట్టునందు ‘ఉవాస – ఊషుః’ అని రూపములు. బహువచనమున ఉదాత్తము ప్రత్యయముమీదికి జరుగుటచే, ధాతువు చివరి సకారము జర్మానిక్ భాషలలో మొదట నాదముగల ధ్వనిగా మారి, తరువాత రేఫమైనది. డెన్మార్కు దేశీయుడగు కార్ల్ వెర్నర్ 1875 ప్రాంతమున ఈ సూత్రమును కనుగొనెను. ఆంగ్లము ఆ ప్రాచీనోదాత్తమును ఏనాడో కోల్పోయినది. అయినను అది పోయినచోట దాని ముద్ర మాత్రము ప్రతిదినమును మన నోట పలుకబడుచున్నది.

3. భూతమే వర్తమానమైన క్రియలు

‘వేద’ అను రూపము లిట్టునకు చెందినదైనను దాని అర్థము వర్తమానము. ‘ఎరుగుదును’ అని దానికి భావము. ‘చూచితిని, కావున ఎరుగుదును’ అను క్రమమున భూతక్రియ యొక్క ఫలము వర్తమానార్థముగా స్థిరపడినది. పాణిని ‘విద్’ ధాతువునకు లట్టునందే లిట్ ప్రత్యయములను వికల్పముగా విధించుటచే ఈ విషయమును గుర్తించినట్లయినది.

ఆంగ్లమున ఈ వర్గము వారు మిక్కిలి ముఖ్యులు. ‘క్యాన్’, ‘షల్’, ‘మే’, ‘మస్ట్’, ‘ఆట్’ అను సహాయక్రియలన్నియు ఈ కోవకు చెందినవే. ‘హి సింగ్స్’ అనునట్లు ‘హి క్యాన్స్’ అనరాదేమి యను ప్రశ్నకు సమాధాన మిచట దొరకును. ఆ సకారము వర్తమాన ప్రథమపురుషైకవచన ప్రత్యయము. ‘క్యాన్’ అనునది పుట్టుకచేత భూతరూపము. ‘సంగ్’ అను భూతరూపమునకు ఏనాడును రాని ప్రత్యయము దానికిని రాలేదు. అర్థము వర్తమానమైనను రూపము పూర్వజన్మవాసనను విడువలేదు.

భూతరూపము వర్తమానార్థమునకు వినియోగమైన పిమ్మట ఈ క్రియలకు వేరొక భూతరూపము కావలసివచ్చినది. దుర్బల క్రియల ప్రత్యయమును అరువు తెచ్చి ‘కుడ్’, ‘షుడ్’, ‘మైట్’ అను రూపములు కల్పింపబడినవి. ‘కుడ్’ అను మాటయందు లకారమును వ్రాయుదురు గాని పలుకరు. అది మూలమున లేదు. ‘షుడ్’, ‘వుడ్’ అనువాని వ్రాతను చూచి మధ్యలో చేర్చినది. ‘మస్ట్’, ‘ఆట్’ అనువాని కథ మరియు విచిత్రమైనది. ఇవి భూతరూపము వర్తమానమైన పిమ్మట కల్పింపబడిన రెండవ భూతరూపములు. అవి కూడ కాలక్రమమున మరల వర్తమానార్థమునే చెందినవి. కాలవాచకమైన రూపమునకు కాలము శాశ్వతము కాదని వీనివలన స్పష్టమగుచున్నది.

4. ‘ఎడ్’ ప్రత్యయము

ఇక దుర్బల క్రియలు. జర్మానిక్ భాషలు తమ సోదరభాషలనుండి విడివడిన పిమ్మట కల్పించుకొన్న నూతన సంపద యిది. సంస్కృతమునందు గాని, గ్రీకునందు గాని సరిగా దీనికి సమానమైన భూతకాల నిర్మాణము లేదు. దీని పుట్టుకనుగూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఎక్కువమంది ఆదరించిన వాదమును బట్టి ‘చేయుట’ అను అర్థము గల ‘డూ’ క్రియయొక్క భూతరూపమే ధాతువునకు అతుకుకొని ప్రత్యయమైనది. సంస్కృతమున ‘ధా’ ధాతువు దీనికి జ్ఞాతి. నాలుగవ శతాబ్దిలో వుల్ఫిలా అనువదించిన గోథిక్ బైబిలునందు భూత బహువచన ప్రత్యయము ‘దేదుమ్’ అని యుండుట ఈ వాదమునకు బలము. ‘ప్రేమించెను’ అనుట మొదట ‘ప్రేమ చేసెను’ అనుటవంటి దన్నమాట.

ఈ నూతన ప్రత్యయము ఏ క్రియలకు అవసరమైనది? మూల ధాతువుల కెల్ల అచ్చు మార్పు ఉండనే యున్నది. ఒక ధాతువునుండి గాని, నామమునుండి గాని పుట్టించిన క్రియలకు మాత్రము ఆ సౌకర్యము లేదు. అట్టివానిలో ముఖ్యములు ప్రేరణార్థకములు. సంస్కృతమున ‘సీదతి’ యనగా కూర్చుండును. ‘సాదయతి’ యనగా కూర్చుండబెట్టును. ఆంగ్లమున ‘సిట్’, ‘సెట్’ అను జంట ఇదియే. ‘ఫాల్’ అనగా పడుట. ‘ఫెల్’ అనగా చెట్టు మొదలగువానిని పడగొట్టుట. ‘రైజ్’ అనగా లేచుట. ‘రేర్’ అనగా పైకెత్తుట, పెంచుట. ఈ చివరి జంటలో సకారము రేఫమగుట వెర్నర్ సూత్రము వలననే. ప్రతి జంటలోను మొదటిది సబలము, రెండవది దుర్బలము.

ఇచట తెలుగు విద్యార్థులు గమనింపదగిన సామ్య మొకటి కలదు. మనకు ‘ఇంచు’ అనునది ప్రేరణ ప్రత్యయము: చేయు – చేయించు. సంస్కృతమునుండి వచ్చిన మాటలను తెలుగు క్రియలుగా మార్చునదియు అదే ‘ఇంచు’: భావించు, ప్రేమించు, రక్షించు. ఈ రెండవ పనియందు ప్రేరణార్థము లేదు. ఉత్పన్న క్రియలకొరకు తెరచిన ద్వారము కొత్తగా వచ్చు మాటలకును ప్రవేశద్వార మైనది. ఆంగ్లమున జరిగినదియు నిట్టిదే. 1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట కొన్ని శతాబ్దముల కాలము ఫ్రెంచి మాటలు వేలకొలదిగా ఆంగ్లమున చేరినవి. వానిలో క్రియలైనవి ఇంచుమించుగా నన్నియు ‘ఎడ్’ గణముననే చేరినవి. ఒక తెలుగు ధాతువును కల్పించుట నేడు మనకెంత కష్టమో, అచ్చు మార్పు గల క్రియను కల్పించుట వారికంత కష్టమైనది. సబల గణములు తలుపులు మూసికొన్నవి. దుర్బల గణము తెరచియుంచినది. సంఖ్యాబలము ఎటు చేరునో ఇక చెప్పనక్కరలేదు.

5. చెదరిన నియమములు

పట్టికలో సబల క్రియలే కాక కొన్ని దుర్బల క్రియలు కూడ చేరియున్నవి. ‘ఫీడ్ – ఫెడ్’, ‘కీప్ – కెప్ట్’ అను జంటలను చూచినవారు ఇవియు అచ్చు మార్పు గల సబలములే యనుకొందురు. అది పొరపాటు. ప్రాచీనాంగ్లమున ఇవి ‘ఫేదన్ – ఫేద్దె’, ‘కేపన్ – కేప్తె’ అని యుండెను. రెండింటను అచ్చు ఒక్కటే. ప్రత్యయము కూడ స్పష్టముగనే యున్నది. పిదప రెండు హల్లులకు ముందున్న దీర్ఘము హ్రస్వమైనది. పదునైదవ శతాబ్దినుండి ఆంగ్ల దీర్ఘస్వరములన్నియు స్థానము మారుటచే వర్తమానమందలి ఏకారము ఈకారమైనది; భూతమందలి హ్రస్వము మారలేదు. రెండు ధ్వని మార్పులు ఒకదానిపై నొకటి వచ్చి ఏకరూపమైన క్రియను రెండుగా చీల్చినవి.

‘టెల్ – టోల్డ్’, ‘సెల్ – సోల్డ్’ అనువానియందు భూతరూపమే మూలస్వరమునకు దగ్గర. వర్తమాన రూపమున తరువాతి అక్షరమందలి ఇకారతుల్య ధ్వని ప్రభావముచే ధాతువులోని అకారము ఎకారమైనది. భూతమున ఆ ధ్వని లేదు గనుక మార్పు లేదు. ‘కథ’ యను అర్థము గల ‘టేల్’ అను నామము అకారమూలమును జ్ఞప్తికి తెచ్చును. ‘కట్’, ‘సెట్’ వంటివానికి భూతరూపమే లేనట్లు తోచును. ‘సెట్’ నకు పూర్వరూపము ‘సెత్తె’. చివరి ఎకారము లోపించగా ప్రత్యయపు తకారము ధాతువు తకారముతో కలసిపోయినది. ‘గో – వెంట్’ అనునది రెండు వేరు ధాతువుల కలయిక. ‘మరలుట’ అను అర్థము గల ‘వెండ్’ అను క్రియయొక్క భూతరూపము, ‘గో’ క్రియయొక్క పాత భూతరూపమైన ‘ఎయోదె’ యను దానిని త్రోసి ఆ స్థానమున నిలిచినది.

కావున ‘అనియత’ మను ఒక్క పేరు క్రింద కనీసము నాలుగు భిన్న చరిత్రలు చేరియున్నవి: ప్రాచీన స్వరభేదము, ధ్వని మార్పు, ప్రత్యయలోపము, ధాతు మిశ్రణము. వీనిని వేరుపరచి చూపినచో పట్టిక బరువు కొంత తగ్గును.

6. నిలిచినవి, పోయినవి

మూడు వందలకు పైబడిన సబల క్రియలలో కొన్ని భాషనుండియే మాయమైనవి. మరికొన్ని ‘ఎడ్’ గణమునకు మారినవి. ‘హెల్ప్’ అను క్రియకు పూర్వము ‘హెల్పన్ – హెయల్ప్ – హుల్పోన్ – హొల్పెన్’ అనునవి రూపములు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలునందు ‘హోల్పెన్’ అను రూపము ఇంకను కనబడును. నేడు ‘హెల్ప్డ్’ అనునదే శుద్ధము. నాటి సంప్రదాయ దృష్టితో చూచినచో అది అపభ్రంశము.

ఏవి నిలుచును, ఏవి మారును? 2007లో ‘నేచర్’ పత్రికయందు ఎరెజ్ లీబర్మన్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన ఈ ప్రశ్నకు లెక్కలతో సమాధానము చెప్పినది. ప్రాచీనాంగ్లమున అనియతములై నేటికిని భాషలో నున్న 177 క్రియలను వారు గ్రహించిరి. వానిలో మధ్యాంగ్లమున 145, నేడు 98 మాత్రమే అనియతములుగా మిగిలినవి. వాడుక నూరు రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు త్వరగా నియతమగునని వారు తేల్చిరి. మిక్కిలి తరచుగా వాడు క్రియలు ప్రాతరూపములను నిలుపుకొన్నవి. ప్రతి పూటయు విన్న రూపమును శిశువు సూత్రముతో నిర్మింపనక్కరలేదు, జ్ఞాపకముననే యుండును. అరుదుగా విన్న రూపమునకు సూత్రమే శరణ్యము.

తెలుగునందు కూడ ‘వచ్చెను – రాడు’, ‘ఇచ్చెను – ఈడు’, ‘తెచ్చెను – తేడు’, ‘అయ్యెను – కాడు’ అనునట్లు విలక్షణములైన క్రియలు నిత్యవ్యవహారమున నున్నవే యగుట ఇచట స్మరింపదగినది. వీనికి వైయాకరణులు ప్రత్యేక సూత్రములు వ్రాయవలసివచ్చినది. ‘భావించు’ వంటివానికి ఆ యవసరము కలుగలేదు.

ప్రవాహము ఒక్క దిక్కుననే సాగినదని చెప్పుట మాత్రము సరికాదు. ‘ధరించుట’ అను అర్థము గల ‘వేర్’ మూలమున దుర్బలము. సామ్యబలమున ‘వోర్’ అను రూపమును గొన్నది. ‘డిగ్’ అను క్రియకు 1611 నాటి బైబిలులో ‘డిగ్డ్’ అనునదే రూపము, నేడు ‘డగ్’. ఫ్రెంచినుండి వచ్చిన ‘స్ట్రైవ్’ కూడ ‘డ్రైవ్’ ననుసరించి ‘స్ట్రోవ్’ అయినది. ప్రాత నియమము క్షీణించినను చచ్చిపోలేదని ఇవి తెలుపుచున్నవి.

7. వర్తమాన రూపము

వర్తమానకాలపు కథ ప్రత్యయముల క్షయకథ. ప్రాచీనాంగ్లమున పురుష వచనములను బట్టి ‘సింగె, సింగెస్త్, సింగెథ్, సింగథ్’ అని నాలుగు రూపము లుండెను. నేడు మిగిలినది ప్రథమపురుషైకవచనమందలి సకార మొక్కటే. అదియు దక్షిణమునందు పుట్టినది కాదు. పదవ శతాబ్ది నాటి ఉత్తర ఇంగ్లండు వ్యాఖ్యలలో థకారమునకు బదులు సకారము కనబడుచున్నది. పదునాల్గవ శతాబ్ది చివర చాసర్ తన కథలలో ఉత్తరదేశపు విద్యార్థులిద్దరిని ప్రవేశపెట్టి, వారి యాసను చూపుటకు ఈ సకారాంత రూపములను వారినోట పలికించెను. లండను శ్రోతలకు నాడది హాస్యాస్పదము. రెండు శతాబ్దములు గడచుసరికి షేక్‌స్పియర్ నాటకములలో రెండు రూపములును ప్రక్కప్రక్కన కనబడును. 1611 నాటి బైబిలు థకారమునే పాటించినది. ఆ పిమ్మట వాడుకలో గెలిచినది ఉత్తరపు సకారమే. నవ్వులకు గురియైన మాండలిక రూపము శిష్టరూపమైనది. శిష్టరూపము గ్రంథములకు పరిమితమైనది.

అర్థమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ప్రత్యయములచే ఏర్పడు కాలరూపములు ఆంగ్లమున భూతము, భూతేతరము అని రెండే. భవిష్యత్తునకు ప్రత్యయము లేదు. మూడు కాలముల విభాగము లాటిన్ వ్యాకరణములనుండి వచ్చినది. ఆంగ్లమున వర్తమాన మనబడు సామాన్యరూపము స్వభావమును, అలవాటును, నిత్యసత్యమును తెలుపును. రేపటి రైలు ప్రయాణమును కూడ తెలుపగలదు. ఈ క్షణమున జరుగుచున్న పనికి ‘ఇంగ్’ ప్రత్యయముతో కూడిన వేరొక రూపము వాడవలెను. చిన్నయసూరి బాలవ్యాకరణమునందు వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మమును వేరుగా నిలిపెను. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అనుట తద్ధర్మము. ‘ఉదయించుచున్నాడు’ అనుట వర్తమానము. ఆంగ్ల సామాన్య వర్తమానమును ‘చున్నాడు’ రూపముతో గాక తద్ధర్మరూపముతో అనువదించి బోధించినచో, మన విద్యార్థులు తరచుగా చేయు దోష మొకటి తొలగునని మా విశ్వాసము.

8. మరల ‘డూ’

భూతప్రత్యయమునకు మూలమని తలపబడుచున్న ‘డూ’ క్రియ చరిత్రయందు రెండవసారి కూడ ఇదే పనికి వచ్చినది. పదునారు, పదునేడు శతాబ్దములలో ప్రశ్నలయందును, వ్యతిరేక వాక్యములయందును ‘డిడ్’ అను రూపము వ్యాపించినది. అట్టిచోట్ల ముఖ్యక్రియ కాలచిహ్నమును విడిచి ధాతురూపమున నిలుచును. కాలభారమును ‘డిడ్’ వహించును. ‘డిడ్ నాట్ గో’ అను వాక్యమున ‘వెంట్’ రాకుండుటకు కారణ మిదియే. తెలుగున ‘వచ్చినాడు’ అను భూతమునకు వ్యతిరేకము ‘రాలేదు’ అగుటలోను ముఖ్యక్రియయందు కాలచిహ్నము లేదు. భిన్న కుటుంబములకు చెందిన రెండు భాషలు వ్యతిరేకార్థమున సదృశమైన మార్గమును త్రొక్కుట విశేషము.

9. ఉపసంహారము

1712లో జోనథన్ స్విఫ్ట్ తన నాటి ఆంగ్లమును సంస్కరింపవలెనని కోరుచు ఒక ప్రతిపాదనను ప్రకటించెను. భూతప్రత్యయమందలి అచ్చును మ్రింగి, హల్లులను ఒకచోట కుక్కి పలుకు అలవాటు భాషను పాడుచేయుచున్నదని అందు ఆయన యాక్షేపించెను. స్విఫ్ట్ సామాన్యుడు కాడు. ఆంగ్లగద్యమును ఆయనవలె వ్రాసినవారు అరుదు. అయినను ఆయన నిందించిన ఉచ్చారణయే నేడు సర్వత్ర శిష్టము. ఆయన కాపాడదలచిన అచ్చు తకార డకారాంత ధాతువుల పిమ్మటను, కొన్ని విశేషణములయందును మాత్రమే మిగిలినది.

ఈ వృత్తాంతము మనకు దూరమైనది కాదు. ‘వచ్చినవాడు’ అను అర్థము గల మాట ‘వచ్చినాడు’ అను సమాపక క్రియయై, మన నోట ‘వచ్చాడు’ అయినది. దీనిని దోషమని త్రోసిపుచ్చినవారును, భాషాపరిణామమని సమర్థించినవారును ఇరువదవ శతాబ్దిలో మన దేశమున కలరు. ‘హెల్ప్డ్’ అను రూపమునకును, ఉత్తరపు సకారమునకును పట్టిన గతిని ఎరిగినవారు రూపమును నిందించుటకు ముందు దాని పుట్టుకను విచారింతురు. అట్లని ప్రాతరూపములను త్రోసివేయుటయు యుక్తము కాదు. ‘డ్రోవ్’ అను ఒక్క మాటయందు ‘వేద’, ‘విద్మ’ అను రూపముల నాటి స్వరభేదము దాగియున్నదని చూచితిమి గదా. కొత్తదానిని అపభ్రంశమనుట యెట్టి పొరపాటో, ప్రాతదానిని అపవాదమనుటయు అట్టి పొరపాటే.

‘డ్రైవ్డ్’ అని ఏల యనరాదని ఒక బాలుడు మరల అడిగినచో, ఉపాధ్యాయుడు చెప్పదగిన సమాధానము చిన్నదే. ‘నీవు చెప్పిన సూత్రము సరియైనదే; కాని ఈ క్రియ ఆ సూత్రముకంటె పెద్దది’ అని చెప్పినచో చాలును. ఆ బాలుడు పట్టికను కంఠస్థము చేయక తప్పదు. కాని తాను కంఠస్థము చేయుచున్నది తప్పుల జాబితా కాదని ఎరిగి చేయును.